మెదడు తరంగాల డేటాను మీ ల్యాప్‌టాప్‌లో విశ్లేషించడం ఎలా: ఎమ్ఎన్ఈ పైథాన్‌తో మొదటి ప్రయోగం

ఈఈజీ అంటే తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్లతో రికార్డు చేసే మెదడు విద్యుత్ సిగ్నల్. దాని విశ్లేషణ నేర్చుకోవాలనుకునే వాళ్లలో చాలామంది మొదటే పెద్ద ప్రశ్న పట్టుకుంటారు. ధ్యానం చేస్తే మెదడులో ఏం మారుతుంది? పరీక్షల ముందు టెన్షన్ ఈఈజీలో కనపడుతుందా? ప్రశ్నలు మంచివే. కానీ వాటి జవాబు మీకు ముందుగా తెలియదు. కాబట్టి స్క్రీన్ మీద వచ్చిన గ్రాఫ్ మెదడుదా, మీరు పెట్టిన ఫిల్టర్‌దా, సరిగ్గా అంటుకోని ఎలక్ట్రోడ్‌దా అని తేల్చుకునే దారి ఉండదు. సాఫ్ట్‌వేర్ మాత్రం తప్పు లెక్కను కూడా ఒక్క ఎర్రర్ లేకుండా చివరిదాకా నడిపిస్తుంది. అందుకని మొదటిసారి జవాబు ముందే తెలిసిన ప్రశ్న తీసుకోండి.

అలాంటి ప్రశ్న ఒకటి వందేళ్లుగా సిద్ధంగా ఉంది. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే సైకియాట్రిస్టు 1924లో మొదటిసారి మనిషి మెదడు విద్యుత్ సిగ్నల్‌ను రికార్డు చేశాడు. 1929లో ప్రచురించాడు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నప్పుడు సెకనుకు సుమారు పది సార్లు ఊగే తరంగాలు వస్తాయని, కళ్లు తెరిస్తే అవి తగ్గిపోతాయని ఆయన చూశాడు. వాటినే ఆల్ఫా తరంగాలు అంటున్నాం. ఇవి తల వెనక భాగంలో బలంగా ఉంటాయి. 1934లో కేంబ్రిడ్జిలో ఎడ్గర్ ఏడ్రియన్, మాథ్యూస్ ఇదే చూసి ధ్రువపరిచాక ప్రపంచం నమ్మింది. ఇప్పుడు అదే ఫలితాన్ని మీ ల్యాప్‌టాప్‌లో, రూపాయి ఖర్చు లేకుండా రాబడదాం.

ఏ సాఫ్ట్‌వేర్

న్యూరల్ డేటా అంటే ఒకటే రకం కాదు. ఒక్కో న్యూరాన్ (మెదడు కణం) స్పైకులు, అంటే క్షణకాలపు విద్యుత్ మెరుపులు, రికార్డు చేసే ప్రోబ్‌ల డేటాకు స్పైక్‌ఇంటర్‌ఫేస్, కిలోసార్ట్ ఉన్నాయి. కణాల చురుకుదనాన్ని వెలుగుగా చూపే కాల్షియం ఇమేజింగ్ వీడియోలకు సూట్‌టూపీ, కైమాన్ ఉన్నాయి. ఎఫ్ఎమ్ఆర్ఐకి నైలెర్న్, ఎఫ్ఎమ్ఆర్ఐప్రెప్ వాడతారు. ఈఈజీకి, మెదడు అయస్కాంత సిగ్నల్‌ను కొలిచే ఎమ్ఈజీకి వచ్చేసరికి ఈఈజీల్యాబ్, ఫీల్డ్‌ట్రిప్, బ్రెయిన్‌స్టార్మ్, ఎమ్ఎన్ఈ పైథాన్ అనే నాలుగు పేర్లు ఎక్కువగా వినపడతాయి.

మొదటి మూడూ మ్యాట్‌ల్యాబ్‌లో పుట్టినవి. సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ సొంతంగా కోడ్ రాసి వాడాలంటే మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు కొనాలి. మీ కాలేజీ ఇప్పటికే కొని ఉంటే ఈఈజీల్యాబ్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు, మెనూలు నొక్కుతూ నేర్చుకోవచ్చు. సొంత డబ్బుతో నేర్చుకునేవాళ్లకు నేను ఎమ్ఎన్ఈ పైథానే చెబుతాను. దాని లైసెన్సు బీఎస్‌డీ, పైథాన్ కూడా ఉచితం. దాని సోర్స్ కోడ్ అంతా తెరిచి చదువుకోవచ్చు. ఫిల్టర్ లోపల ఏం జరిగిందో ఎవరినీ అడగకుండా చూసుకోగలగడం ఈ పనిలో చాలా విలువైన సంగతి.

ఇన్‌స్టాల్

పైథాన్ 3.10 లేదా ఆ పై వెర్షన్ కావాలి. ఈ పనికి విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, అందులో పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చే సాధనం)తో ఎమ్ఎన్ఈ, జూపిటర్, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ వేసుకోండి. సిగ్నల్‌ను మౌస్‌తో తిప్పి చూడటానికి ఎమ్ఎన్ఈ క్యూటీ బ్రౌజర్ అనే ప్యాకేజీ కూడా వేసుకుంటే బాగుంటుంది. ఇదంతా తలనొప్పి అనిపిస్తే ఎమ్ఎన్ఈ వాళ్లే విండోస్, మ్యాక్, లినక్స్‌లకు తయారుగా ఇన్‌స్టాలర్లు ఇస్తున్నారు. డౌన్‌లోడ్ చేసి నడిపితే అన్నీ ఒకేసారి వస్తాయి. గూగుల్ కొలాబ్‌లో లెక్కలు నడుస్తాయి గానీ సిగ్నల్‌ను క్లిక్ చేస్తూ చూసే విండో తెరుచుకోదు. ఈ పనిలో ఆ చూడటమే సగం కాబట్టి వీలైతే సొంత మెషీన్ మీదే చేయండి.

అయ్యాక ఎమ్ఎన్ఈ.సిస్_ఇన్ఫో() అని నడిపి, వచ్చిన వెర్షన్ల జాబితాను ఒక ఫైల్‌లో దాచుకోండి. ఆరు నెలల తర్వాత అదే కోడ్ వేరే సంఖ్యలు ఇస్తే ఎక్కడ మారిందో వెతకడానికి ఇదే ఆధారం. ఇక్కడ కోడ్ పేర్లను పలికే తీరులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

డేటా తెచ్చుకోవడం

ఫిజియోనెట్ అనే ఉచిత భాండాగారంలో 109 మంది వాలంటీర్ల ఈఈజీ ఉంది. ఒక్కొక్కరికీ 64 ఎలక్ట్రోడ్లు, సెకనుకు 160 శాంపిళ్లు, 14 రికార్డింగులు. వీటిలో చాలావరకు చేతులూ కాళ్లూ కదిపే, కదిపినట్టు ఊహించుకునే ప్రయోగాలు. మనకు కావలసినవి మొదటి రెండే. మొదటిది ఒక నిమిషం కళ్లు తెరిచి, రెండోది ఒక నిమిషం కళ్లు మూసుకుని.

ఫైళ్లు వెతుక్కోనక్కర్లేదు, ఎమ్ఎన్ఈలోనే దీనికి దారి ఉంది. ఎమ్ఎన్ఈ.డేటాసెట్స్.ఈఈజీబీసీఐ.లోడ్_డేటా(1, [1, 2]) అంటే మొదటి మనిషి, ఒకటీ రెండూ రికార్డింగులు. ఎక్కడ దాచాలో మొదటిసారి అడుగుతుంది, వై కొట్టండి. ఫైలు ఒక్కొక్కటి ఒకటింబావు ఎంబీ చిల్లర, ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా క్షణాల్లో దిగుతుంది.

తెరవడానికి ఎమ్ఎన్ఈ.ఐఓ.రీడ్_రా_ఈడీఎఫ్ వాడి, ప్రీలోడ్=ట్రూ పెట్టండి. రెండు రికార్డింగులను రెండు వేరు వేరు పేర్లతో ఉంచుకోండి, కలపొద్దు. కింద రా అని రాసినచోట వాటిలో ఒకదాని పేరు పెట్టాలి, ప్రతి అడుగూ రెండింటికీ చేయాలి. ఈ డేటాలో ఛానెళ్ల పేర్ల చివర చుక్కలు ఉంటాయి, ఎఫ్‌సీ5 తర్వాత ఒక చుక్క, సీ3 తర్వాత రెండు చుక్కలు. ఈఈజీబీసీఐ.స్టాండర్డైజ్(రా) అంటే ఆ చుక్కలు పోతాయి. ఆ తర్వాత రా.సెట్_మాంటేజ్ ఇచ్చి స్టాండర్డ్_1005 అనండి. ఏ ఎలక్ట్రోడ్ తల మీద ఎక్కడుందో ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. చుక్కలు తీయకుండా మాంటేజ్ పెట్టబోతే ఎర్రర్ వస్తుంది. కంగారు పడకండి, వరుస సరిచేస్తే చాలు.

ముందు కళ్లతో చూడండి

ఇక్కడే ఎక్కువసేపు ఆగండి. రా.ప్లాట్() నడపండి. పది సెకన్ల ముక్క, ఇరవై ఛానెళ్లు కనపడతాయి. అన్నీ నల్లటి ముద్దలా ఉంటే ప్లస్, మైనస్ మీటలతో స్కేల్ మార్చండి. ఈఈజీ అంటే పదుల మైక్రోవోల్టుల సిగ్నల్, కానీ ఎమ్ఎన్ఈ లోపల అంతా వోల్టుల్లోనే ఉంటుంది. 20 మైక్రోవోల్టులు అక్కడ 0.00002గా కనపడతాయి. ఆసుపత్రి ఈఈజీలు చదివే అలవాటున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ నెగటివ్‌ను పైకి గీస్తారు, ఎమ్ఎన్ఈ పాజిటివ్‌ను పైకి గీస్తుంది.

కళ్లు తెరిచిన రికార్డింగులో ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2 ఛానెళ్లు వెతకండి. ఇవి నుదుటి దగ్గరివి. అక్కడక్కడా పైకి లేచి సెకనులోపే కిందికి దిగే పెద్ద గుట్టలు కనపడితే, అవి రెప్పపాట్లు. నుదుటి దగ్గర ఎత్తుగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ చిన్నవైపోతాయి. తర్వాత కళ్లు మూసిన రికార్డింగు తెరిచి ఓ1, ఓజెడ్, ఓ2 ఛానెళ్లకు వెళ్లండి. ఇవి తల వెనకవి. సెకను నిడివిలో శిఖరాలు వేలితో లెక్కపెట్టండి. చాలామందిలో తొమ్మిదీ పదీ పదకొండు దగ్గర వస్తాయి. బెర్గర్ చూసింది ఇదే. ఇంకా ఏ లెక్కా మొదలుకాలేదు, అయినా ఫలితం సగం మీ కళ్ల ముందే ఉంది. తర్వాత వచ్చే గ్రాఫులన్నిటినీ ఈ చూసిన దానితో పోల్చుకోవాలి.

చూస్తున్నప్పుడే ఏదైనా ఛానెల్ మిగతావాటితో సంబంధం లేకుండా గరుకుగా, దట్టంగా ఊగుతుంటే, లేదా బొత్తిగా చదునుగా ఉంటే, దాని పేరు మీద క్లిక్ చేయండి. అది బ్యాడ్ జాబితాలోకి పోతుంది. మనిషి కదిలినందువల్ల అన్ని ఛానెళ్లూ ఒకేసారి చెదిరిన చోట కీబోర్డు మీద ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం మీట నొక్కి, బ్యాడ్ అనే పేరుతో మొదలయ్యే గుర్తు ఒకటి చేసి, ఆ ముక్క మీద మౌస్ లాగండి. పవర్ లెక్కేసేటప్పుడు ఎమ్ఎన్ఈ ఆ ముక్కను దానంతటదే వదిలేస్తుంది. ఒక రికార్డింగులో చెడిన ఛానెల్‌ను రెండో దాంట్లో కూడా బ్యాడ్‌గానే పెట్టండి. లేకపోతే రెండింటినీ పోల్చేటప్పుడు తూకం సమంగా ఉండదు.

మరీ ఎక్కువ తీసేయకండి. అరవై నాలుగు ఛానెళ్లలో పదిహేను బ్యాడ్ అనిపిస్తున్నాయంటే ఆ రికార్డింగునే పక్కన పెట్టాలి, లేదా మీ స్కేల్ సరిగ్గా లేదు.

ఫిల్టర్

రా.ఫిల్టర్(1, 40) చాలు. 1 హెర్ట్జ్ కంటే కింద చెమట వల్లా ఎలక్ట్రోడ్ జారడం వల్లా వచ్చే నెమ్మది ఊపు ఉంటుంది, 40 కంటే పైన కండరాల చప్పుడు, కరెంటు లైను. ఈ డేటా అమెరికాలో తీసింది కాబట్టి లైను 60 హెర్ట్జ్. మన దగ్గర రికార్డు చేసిన దాంట్లో 50 దగ్గర ఉంటుంది. 40 దగ్గర కోసేస్తే రెండూ పోతాయి కాబట్టి ఈ ప్రశ్నకు విడిగా నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రమే తీసేది) అక్కర్లేదు.

ఫిల్టర్ నడిచినప్పుడు కింద కొన్ని వరుసలు అచ్చవుతాయి. దాటేయకుండా చదవండి. ఫిల్టర్ పొడవు 529 శాంపిళ్లు, 3.306 సెకన్లు అని అందులో ఉంటుంది. అంటే ఒక్కో బిందువు విలువ కట్టడానికి ఫిల్టర్ తన చుట్టూ మూడు సెకన్ల పైచిలుకు డేటాను చూస్తోంది. దీని నుంచి రెండు పనికొచ్చే సంగతులు తేలతాయి. ఒకటి, రికార్డింగు మొదట్లో, చివర్లో ఒకటిన్నర సెకను మీద పెద్దగా నమ్మకం పెట్టుకోకూడదు. రెండు, డేటాను రెండేసి సెకన్ల ముక్కలుగా కోసి ఆ తర్వాత ఫిల్టర్ చేయడం తప్పు. ముక్క కంటే ఫిల్టరే పొడవు అవుతుంది. ముందు ఫిల్టర్, తర్వాత కోత. ఈ వరుస తారుమారైన కోడ్ కూడా హాయిగా నడుస్తుంది, ఒక హెచ్చరిక మాత్రం వస్తుంది, దాన్ని ఎక్కువమంది చదవరు.

ఫిల్టర్ చేశాక మళ్లీ రా.ప్లాట్(). రెప్పపాట్లు ఇంకా ఉంటాయి, అది సహజం. ఆల్ఫా తరంగాలు ముందు ఉన్నచోటే, అదే ఎత్తులో ఉన్నాయా అన్నది చూసుకోండి.

రిఫరెన్స్, ఐసీఏ

వోల్టేజీ అంటే రెండు చోట్ల మధ్య తేడా. అన్ని ఛానెళ్లనూ దేనితో పోలుస్తున్నాం అన్నదే రిఫరెన్స్. 64 ఛానెళ్లు తలంతా పరుచుకుని ఉన్నాయి కాబట్టి వాటి సగటును రిఫరెన్స్‌గా పెట్టవచ్చు: రా.సెట్_ఈఈజీ_రిఫరెన్స్ ఇచ్చి యావరేజ్ అనండి. బ్యాడ్ ఛానెళ్లను ఇది సగటులో కలపదు, అందుకే వాటిని ముందే గుర్తించమన్నాను. ఆ తర్వాత రా.ఇంటర్‌పొలేట్_బ్యాడ్స్() అంటే వాటి విలువలను పక్క ఎలక్ట్రోడ్ల నుంచి నింపుతుంది. ఎనిమిది ఛానెళ్ల చిన్న పరికరం అయితే సగటు రిఫరెన్స్ పెట్టొద్దు, అంత తక్కువ చోట్ల సగటు తల మొత్తాన్ని చెప్పదు.

రెప్పపాట్లను తీయడానికి ఐసీఏ (కలిసిపోయిన సిగ్నళ్లను వేరు వేరు భాగాలుగా విడదీసే లెక్క) వాడమని దాదాపు ప్రతి పాఠమూ చెబుతుంది. ఇక్కడ వద్దంటాను. ఐసీఏ నిలకడగా పనిచేయాలంటే ఛానెళ్ల సంఖ్య వర్గానికి ఇరవై రెట్లయినా శాంపిళ్లు ఉండాలన్నది ఈ రంగంలో అందరూ వాడే అంచనా. 64 ఛానెళ్లకు అది 80 వేలు దాటుతుంది. మన నిమిషం డేటాలో ఉన్నవి సుమారు 9,600. పైగా రెప్పపాటు శక్తి ఎక్కువగా 4 హెర్ట్జ్ లోపు, నుదుటి దగ్గర ఉంటుంది. మనం చూడబోయేది 8 నుంచి 13 హెర్ట్జ్, తల వెనక. అవసరం లేని చోట ఐసీఏ పెట్టి, ఏ భాగం తీయాలో తెలియక ఆల్ఫా ఉన్న భాగాన్నే తీసేస్తే వెతుకుతున్నదే పోతుంది. జ్ఞాపకశక్తి మీదో, ముఖాలు చూసినప్పటి స్పందన మీదో పనిచేసే రోజు ఐసీఏ తప్పదు. అప్పుడు నిడివి ఉన్న డేటాతో నేర్చుకోండి.

పవర్ లెక్క

పీఎస్‌డీ అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత పవర్ ఉందో చెప్పే లెక్క. దానికి రా.కంప్యూట్_పీఎస్‌డీ నడపండి. పద్ధతి వెల్చ్ (డేటాను చిన్న కిటికీలుగా, అంటే ముక్కలుగా, తీసి సగటు చేసేది), ఎఫ్‌మిన్ 1, ఎఫ్‌మాక్స్ 40. ఎన్_ఎఫ్ఎఫ్‌టీ (ఒక్కో కిటికీలో ఎన్ని శాంపిళ్లో చెప్పేది) దగ్గర 320 అని అంకె వేయకుండా, రా.ఇన్ఫోలోని శాంప్లింగ్ రేటును రెండుతో గుణించి పూర్ణాంకంగా ఇవ్వండి. అప్పుడు కిటికీ ఎప్పుడూ రెండు సెకన్లే ఉంటుంది, ఫ్రీక్వెన్సీలు అర హెర్ట్జ్ తేడాతో వస్తాయి. ఎందుకింత పట్టింపు అంటే, ఈ 109 మందిలో 88, 92, 100 నంబర్లవాళ్ల డేటా సెకనుకు 128 శాంపిళ్లే. అంకె వేసి ఉంచితే వాళ్ల దగ్గరికి వచ్చేసరికి కిటికీ మారిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు.

రెండు రికార్డింగులకూ పీఎస్‌డీ వచ్చాక, ఓ1, ఓజెడ్, ఓ2ల సగటు తీసి రెండు గీతలనూ ఒకే గ్రాఫ్ మీద గీయండి. వై అక్షం లాగ్ స్కేల్‌లో ఉండాలి. వోల్టుల వర్గాన్ని మైక్రోవోల్టుల వర్గంగా మార్చడానికి పది పన్నెండో ఘాతంతో గుణించాలి, ఆరో ఘాతంతో కాదు.

ఇప్పుడు గ్రాఫును అనుమానంగా చూడండి. రెండు గీతలూ ఎడమ నుంచి కుడికి దిగుతూ రావాలి. కళ్లు మూసిన గీతలో 10 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక గుట్ట లేవాలి. కళ్లు తెరిచిన దాంట్లో అది చిన్నదిగా ఉండాలి, లేదా ఉండకూడదు. గుట్ట కాకుండా గీత మొత్తం 20, 30, 40 హెర్ట్జ్‌ల దగ్గర కూడా పైకి లేచి ఉంటే అది మెదడు చేసిన పని కాదు, దవడో మెడో బిగపట్టిన కండరాలది. తర్వాత పీఎస్‌డీ మీద ప్లాట్_టోపోమ్యాప్ ఇచ్చి, బ్యాండ్‌గా 8 నుంచి 13 పెట్టండి. తల బొమ్మ మీద కింది భాగం, అంటే వెనక వైపు వేడి రంగు కనపడాలి. నుదుటి దగ్గర కనపడితే ఫైళ్ల వరుసా, మాంటేజూ మళ్లీ చూడండి.

మొదటి మనిషిలో గుట్ట స్పష్టంగా రాకపోతే కోడ్ తప్పని అప్పుడే అనుకోవద్దు. ఆల్ఫా బలం మనిషి మనిషికీ చాలా మారుతుంది. కొంతమంది ఆరోగ్యవంతుల్లో కూడా సరిగా కనపడదు. మరో నలుగురిని తీసి చూడండి. ఐదుగురిలో ఎవరికీ రాకపోతే అప్పుడు కోడ్‌ను అనుమానించండి.

ఒకరి నుంచి చాలామందికి

ఇప్పటిదాకా చేసినదాన్ని ఒక ఫంక్షన్‌గా రాసి, ఇరవై మంది మీద నడపండి. ప్రతి మనిషికీ ఒకే ఒక్క సంఖ్య తేవాలి: కళ్లు మూసినప్పటి ఆల్ఫా పవర్‌ను తెరిచినప్పటి పవర్‌తో భాగించి, దాని లాగ్. ప్రభావం లేకపోతే ఆ సంఖ్య సున్నా చుట్టూ ఉంటుంది. ఇరవై చుక్కలను ఒక గ్రాఫ్ మీద పెట్టండి, సగటు ఒక్కటే చూపించకండి. అవి సున్నాకు నిజంగా దూరంగా ఉన్నాయా అని తేల్చడానికి సైపైలోని విల్కాక్సన్ పరీక్ష ఆ ఇరవై సంఖ్యలకు సరిపోతుంది.

విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ కనపడే పొరపాటు ఇక్కడ వస్తుంది. ఒక్కొక్కరి నిమిషాన్ని ముప్పై ముక్కలు చేసి, ఇరవై మందికి ఆరు వందల శాంపిళ్లు ఉన్నాయని పరీక్ష నడుపుతారు. పీ విలువ (ప్రభావమే లేకపోయినా ఇంత తేడా కనపడే అవకాశం) అద్భుతంగా, అంటే చాలా చిన్నదిగా వస్తుంది. కానీ ఒకే మనిషి ముక్కలు ఒకదానికొకటి చుట్టాలు, ముప్పై మంది వేరు వేరు మనుషులు కారు. మీ దగ్గర ఉన్నవి ఇరవై శాంపిళ్లే. మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఒకే మనిషి ముక్కలు ట్రెయినింగ్‌లోనూ టెస్ట్‌లోనూ ఉంటే మోడల్ ఆల్ఫాను కాక ఆ మనిషిని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

చెడ్డ రికార్డింగు అని ఎవరినైనా తీసేయాలనుకుంటే, ఫలితం చూడకముందే తీసేయండి, కారణం నోట్‌బుక్‌లో రాయండి.

మీ సొంత డేటాకు మారేటప్పుడు

పైదంతా సరిగ్గా వచ్చిందంటే మీ కోడ్ నిజాన్ని పట్టుకోగలదని తేలింది. ఇప్పుడు అదే ఫంక్షన్‌ను మీ రికార్డింగు మీద పెట్టవచ్చు. ఓపెన్‌బీసీఐ లాంటి పరికరాల ఫైళ్లలో విలువలు మైక్రోవోల్టుల్లో ఉంటాయి. ఎమ్ఎన్ఈలోకి రాఅర్రే ద్వారా ఎక్కించే ముందు పది లక్షలతో భాగించండి. కొత్త పరికరంతో మొదటి రోజు ఏ ప్రయోగం చేసినా, మొదట ఒక నిమిషం కళ్లు తెరిచి, ఒక నిమిషం మూసి రికార్డు చేయండి. ఆల్ఫా రాకపోతే ఆ రోజు ఎలక్ట్రోడ్లూ, జెల్లూ, వైర్లూ చూసుకుని ఆ తర్వాతే ముందుకు వెళ్లండి.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఈడీఎఫ్ (ఈఈజీ దాచే ఒక ఫార్మాట్) ఫైలు అయితే ఇంకో జాగ్రత్త. దాని హెడర్‌లో రోగి పేరు, పుట్టిన తేదీ, రికార్డు చేసిన రోజు ఉండవచ్చు. అనుమతి ఉన్నా సరే, గ్రూపుల్లోకీ డ్రైవ్‌లోకీ ఆ ఫైలును అలాగే పంపొద్దు. రా.అనానిమైజ్() నడిపి ఫిఫ్ ఫార్మాట్‌లో కొత్త ఫైలుగా సేవ్ చేసి, అదే వాడండి. టెక్నీషియన్ రాసిన నోట్స్ కొన్నిసార్లు అనొటేషన్లలో, అంటే సిగ్నల్ మీద పెట్టిన గుర్తుల్లో, ఉండిపోతాయి, వాటిని ఒకసారి అచ్చు వేసి చదవండి. ఫైలు పేరులోనే రోగి పేరు ఉంటే ఏ ఫంక్షనూ దాన్ని తీయదు, ఆ పేరు మీరే మార్చాలి.